మండీ లెటర్‌హెడ్ మీద నా ప్రాజెక్టు

మా బ్యాచ్‌లో ప్రాజెక్టు సొంతంగా చేసింది నేనొక్కదాన్నే. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటారేమో, గొప్పలే చెప్పుకుంటున్నాను. ఆ తర్వాత ఇన్నేళ్ల ఉద్యోగంలో పెద్ద పెద్ద వాటిలో చేయి పెట్టాను. వాటిలో ఏదీ పూర్తిగా నాది కాదు. కర్నూలు వన్‌టౌన్‌లో చింతపండు వాసన మధ్య కూర్చుని రాసిన ఆ చిన్న ప్రోగ్రాము మాత్రం మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నాది.

రెండువేల సంవత్సరం దాటిన ఐదారేళ్ల నాటి సంగతి. ఎంసీఏ చివరి సెమిస్టరంతా ప్రాజెక్టే. కొత్తగా ఒక ప్రోగ్రాము తయారుచేసి, దాని గురించి రికార్డు రాసి, బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ముందు చూపించాలి. కాగితం మీద పద్ధతి అది. అసలు పద్ధతి వేరు. హైదరాబాదు బస్సెక్కి, అక్కడ ప్రాజెక్టులు అమ్మేవాళ్ల దగ్గర సీడీ, బైండు చేసిన రికార్డు, ఫలానా కంపెనీలో ఆరు నెలలు పనిచేసి దీన్ని తయారుచేశారనే సర్టిఫికెట్, మూడూ కలిపి తెచ్చుకోవడం. తాంబూలం సంచిలో ఆకూ వక్కా పండూ పెట్టి ఇచ్చినట్టు ఇచ్చేవాళ్లు. హాస్పిటల్ మేనేజ్‌మెంట్, లైబ్రరీ మేనేజ్‌మెంట్, హాస్టల్ మేనేజ్‌మెంట్. పై అట్ట మీద పేరు మారేది గానీ లోపల సరుకు ఒకటే. ఒకే రోగి మూడు రికార్డుల్లో అదే జ్వరంతో పడుకుని ఉండడం నేను కళ్లారా చూశాను.

నా స్నేహితురాలిది ప్రొద్దుటూరు. హాస్టల్లో ఉండేది. తన హాస్పిటల్ తను తెచ్చేసుకుని, నన్ను చూసి జాలిపడేది.

"నీకేమిటికే ఈ తలనొప్పి? నాతో పాటే వచ్చింటే నీకూ ఒకటి తెచ్చుకుంటాంటిమి గదా" అంది.

"నాది నేను చేసుకుంటా" అన్నాను.

"చేసుకో. ఆరు నెలలు సాము చేసి మూలనుండే ముసలమ్మను కొడుదువు."

ఆ సాము ఎలా మొదలైందో చెబుతాను. మా నాయనకు చింతపండు, బెల్లం మండీ ఉండేది. టోకు వ్యాపారం. మండీలో ఒక కంప్యూటరు పెట్టించాడు, బిల్లులు కొట్టడానికి. గుమాస్తా పొద్దున పూట దాని మీద బిల్లులు కొట్టేవాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మండీ అంతా కునుకు తీసేది. హమాలీలు బస్తాల మీద, గుమాస్తా తన కుర్చీలో, మా నాయన పరుపు మీద. ఆ కునుకు సమయం నాది. మిషన్ ముందు కూర్చునేదాన్ని.

ఆ ఎండాకాలం మొదట్లో నాయన బెల్లం కొనడానికి చిత్తూరు వైపు వెళ్లాడు. గుమాస్తాకు తోడుగా మండీలో నేనున్నాను. కొనడానికొచ్చిన గిరాకీలు ఏదో ఒకటి అడుగుతారు, నేను నాయనకు ఫోను చేస్తాను. ఆత్మకూరు అడవి వైపు నుంచి వచ్చిన చింతపండు ముందు అమ్మాలా, తర్వాత అమ్మాలా అని అడిగాను. మా నాయనను అలాంటి ప్రశ్న అడగడమంటే తేనెపట్టు మీద రాయి వేసినట్టే. ఆత్మకూరు సరుకు తేమగా ఉంటుందన్నాడు. అక్కడి నుంచి పోయినేడు వానకు తడిసిన లారీ దగ్గరికి పోయాడు. లారీ దగ్గర్నుంచి ఆ డ్రైవరు, డ్రైవరు దగ్గర్నుంచి అతను చెప్పిన ఆలూరు బేరగాడు, ఆ బేరగాడు ఎండుమిరప కొనే పద్ధతి. చివరికి "ఇంతకీ ఏం అడిగినావమ్మా?" అన్నాడు.

మళ్లీ మళ్లీ అడగడం దేనికని ఆయన చెప్పినవన్నీ ఒక ఫైల్లో కొట్టుకోవడం మొదలుపెట్టాను. ఫైలు చాంతాడంత అయింది. వెతుక్కోలేక ఊరికొక ఫైలు, సరుకుకొక ఫైలు చేశాను. అప్పుడు ఇంకో చిక్కు. ఆత్మకూరు ఫైల్లో లారీ సంగతి వస్తుంది, లారీ ఫైల్లో ఆలూరు వస్తుంది. మా నాయన మాట ఎక్కడా ఒక్కచోట ఆగదు. కాబట్టి ఆ మాట మీద నొక్కితే ఆ ఫైలుకు పోవాలి, అక్కడి నుంచి ఇంకోదానికి పోవాలి. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే వికీలు అలాగే పనిచేస్తాయని నెట్ సెంటర్లో చదివాను. నాకు అందరూ అక్కర్లేదు. నా ఒక్కదానికి, మా మండీ మిషన్ మీద, తెలుగులో కావాలి.

ఒకటి రెండు దొరికినవి దించుకుని చూశాను. ఒకటి తెలుగును డబ్బాలు డబ్బాలుగా చూపించింది. ఇంకోదానిలో ఒక మాటను ఇంకో పేజీకి కలపాలంటే దాని చుట్టూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెట్టాలి. మా మిషన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుంటే చదరపు బ్రాకెట్ల మీటలు అక్షరాలైపోతాయి. బ్రాకెట్ కోసం ఇంగ్లీషుకు పోవాలి, అక్షరం కోసం తెలుగుకు రావాలి. గడప దాటి లోపలికీ బయటికీ తిరిగినట్టుండేది. నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే పని జరుగుతుంది.

కోపంలోనే మా నాయన కాగితాలు చూశాను. ఆయన ఏ సంగతైనా బిల్లు వెనక తెల్లగా ఉన్న చోట రాసుకుంటాడు. పైన విషయం రాసి దాని కింద ఒక గీత గీస్తాడు. ఒక్కో ముక్కకు ముందు చిన్న అడ్డగీత పెడతాడు. ఏదైనా మాట గురించి వేరేగా కనుక్కోవలసింది ఉంటే దాని చుట్టూ సున్నా చుడతాడు. సున్నా చుట్టిన మాట కనబడితే ఆ సంగతి ఇంకోచోట ఉందని మండీలో అందరికీ తెలుసు. మా తాత కాలం నుంచీ అదే వాడుక. మార్కప్ భాష మార్కప్ భాష అని నేను పుస్తకాల్లో వెతుకుతున్నది మా ఇంట్లో బిల్లుల వెనక పడి ఉంది.

అదే తీసుకున్నాను. కీబోర్డు మీద సున్నా చుట్టలేం కాబట్టి మాటకు అటూ ఇటూ రెండేసి గుండ్రటి బ్రాకెట్లు. అవి తెలుగులో కొడుతున్నప్పుడు కూడా దొరుకుతాయి. వరుస కింద గీత ఉంటే అది పెద్దక్షరాల శీర్షిక. ముందు అడ్డగీత ఉంటే జాబితా. గట్టిగా చెప్పాల్సిన మాటకు అటూ ఇటూ నక్షత్రం. అంతే నా భాష. మనిషి కాగితం మీద ఎలా రాస్తాడో అలాగే రాస్తాడు, చదువుకునేలా మార్చే బాధ ప్రోగ్రాముది. కిటికీని రెండుగా చీల్చి ఎడమ పక్క రాసే చోటు, కుడి పక్క అది చక్కగా కనిపించే చోటు పెట్టాను. ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్టు ఫైలు. ఎక్కడైనా తెరుచుకుంటుంది.

చెప్పినంత తేలిగ్గా కాలేదు. మొదట్లో నాయన చెబుతుంటే ఆయన తీరులోనే రాశాను. ఆయన ప్రతి ముచ్చట చివరా "ఇక అయిపోయింది" అన్నట్టు ఒక గీత గీస్తాడు. నేనూ గీశాను. గీత పైన ఉన్న వరుస శీర్షిక అని ప్రోగ్రాముకు నేనే నేర్పాను కదా, అది నమ్మకంగా ఆ చివరి వరుసను ఎత్తి పెద్దక్షరాల్లో పెట్టింది. ఆ వరుస ఆలూరు బేరగాడి గురించి. "ఆయప్పను నమ్మొద్దు" అని తెర నిండా వచ్చింది. ఆయప్ప ఆ సమయానికి మా మండీలోనే, మిషన్‌కు ఎదురుగా, టీ తాగుతూ ఉన్నాడు. మా నాయన లేచి తెరకు అడ్డంగా నిలబడి, ఆలూరులో వానలెట్లా ఉన్నాయని చాలాసేపు అడిగాడు. ఆ సాయంత్రమే ఖాళీ వరుస తర్వాత వచ్చే గీత వేరు, రాత కింద వచ్చే గీత వేరు అని ప్రోగ్రాముకు బుద్ధి చెప్పాను.

ఇంకా రాయని పేజీకి ఎవరైనా సున్నా చుడితే ఆ మాట ఎర్రగా కనబడేది. రాసేసింది నీలంగా. మా నాయనకు ఆ ఎరుపు అస్సలు నచ్చలేదు.

"ఏందిది, ఇంత ఎర్రగుండాది?"

"అవి నువ్వింకా చెప్పని సంగతులు నాయనా."

"చెప్పకపోతే ఎర్రగనే ఉంటాదా?"

"ఉంటాది."

ఆయన కునుకు మానేశాడు. నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఎర్రగా ఉన్న ఒక్కో మాటా చూపించి చెప్పేవాడు. బెల్లానికి చీమలు పట్టకుండా ఏం చేయాలో, నల్లబడుతున్న చింతపండును ఎవరికి అమ్మాలో, ఎవరికి అమ్మకూడదో. ఒకటి నీలమయ్యేలోగా ఇంకో రెండు ఎర్రవి పుట్టుకొచ్చేవి. ఆయనకు అదొక పంతమైంది. కొన్నాళ్లకు గుమాస్తా కూడా, నాయన ఊళ్లో లేనప్పుడు గిరాకీ ఏదన్నా అడిగితే ఆయనకు ఫోను చేయడం మాని మిషన్ దగ్గరికి నడిచేవాడు. నేను లేనప్పుడు కూడా. అది చూసిన రోజు నేను ఇంటికి పోతూ తోవలో నాలో నేనే నవ్వుకున్నాను.

కాలేజీలో మాత్రం వేరే కథ. మా గైడు మంచాయనే. కానీ ఆయన చూసిన ప్రాజెక్టులన్నీ ఒక అచ్చులో పోసినవి.

"టేబుళ్లు యాడమ్మా? డేటాబేస్ లేకుండా ప్రాజెక్టు ఉంటాదా?"

"డేటాబేస్ అవసరం లేదు సార్. ఇవి ఉత్త టెక్స్టు ఫైళ్లు. పదేళ్ల తర్వాత ఏ మిషన్‌లో పెట్టినా తెరుచుకుంటాయి."

"పదేళ్ల తర్వాత ఎవరు చూస్తారమ్మా? ఎక్స్‌టర్నల్ పది నిమిషాలు చూస్తాడు. ఆ పది నిమిషాలకు చెయ్యి."

నేను వినలేదు. ఆయన కూడా టేబుళ్ల సంగతి వదిలేశాడు. సర్టిఫికెట్ సంగతి మాత్రం వదల్లేదు. ప్రాజెక్టు ఏదో ఒక సంస్థలో చేసినట్టు ఆ సంస్థ రాసివ్వాలి, అది రికార్డులో మొదటి పేజీగా బైండు కావాలి. అది లేనిదే ఆయన సంతకం పెట్టలేడు. సంతకం లేకపోతే వైవా లేదు. మళ్లీ సెమిస్టరుకు కొత్తగా మొదలుపెట్టుకోవాలి.

"ఇంట్లో చేసినా అంటే కుదరదమ్మా. సంస్థ ఉండాల. రూల్."

హాస్టల్లో నా స్నేహితురాలు దానికి మందు చెప్పింది. తనకు అమ్మినవాళ్లే ఉత్త సర్టిఫికెట్ కూడా ఇస్తారు, కొరియర్లో వచ్చేస్తుంది, అందరివీ అవే కదా అంది. ప్రేమతోనే చెప్పింది పాపం. నాకు ఒళ్లు మండిపోయింది. నేను చేసినదాన్ని, నేనెప్పుడూ చూడని ఆఫీసులో, నేనెరగని మనిషి దగ్గరుండి చేయించానని రాస్తే ఇక అది నాదెలా అవుతుంది? అందరూ కొనుక్కుని తమదని చెప్పుకుంటుంటే, నేను చేసుకుని మరీ వేరేవాళ్లదని చెప్పాలి. అంతకంటే హాస్పిటల్ కొనుక్కోవడమే మేలు.

అయినా భయం లేదని అబద్ధం చెప్పను. వైవా పోతే నాకు ఒక సెమిస్టరు పోవడం ఒక్కటే కాదు. నువ్వు చేసింది ప్రాజెక్టే కాదు పొమ్మని నలుగురి ముందు అనిపించుకోవాలి. అదే నేను తట్టుకోలేనిది.

ఆ రోజు మండీకి వెళ్లి మూతి ముడుచుకుని కూర్చున్నాను. నాయన కారణం అడిగాడు. చెప్పాను.

"వాళ్లందరూ పనిచేసినామని చెప్తాండే ఆ కంపెనీ యాడుండాది?"

"ఏమో నాయనా. ఎవురూ చూల్యా."

"నువ్వు యాడ చేసినావు?"

"ఈడనే గదా."

"మరి ఇది సంస్థ కాదా?" అని మండీ అంతా చేత్తో చూపించాడు. బస్తాలు, కాటా, ఈగలు, నిద్రపోతున్న హమాలీ. "మీ తాత పెట్టిన సంస్థ ఇది. లైసెన్సు ఉండాది, ఫోను ఉండాది, తలుపు ఉండాది. ఇంకేం కావాల్నంట ఆ సార్‌కు?"

గుమాస్తాను పిలిచి లెటర్‌హెడ్ తీయించాడు. పైన లక్ష్మీదేవి, అటూ ఇటూ శుభం, లాభం. కింద చింతపండు, బెల్లం, ఎండుమిరప టోకు వర్తకులు. దాని మీద తన చేతిరాతతో రాశాడు. "ఈ విద్యార్థిని మా మండీలోనే కూర్చుని ఈ ప్రోగ్రాము తయారుచేసినది. మేము వాడుకొనుచున్నాము. బాగున్నది. ఏమైనా తెలుసుకొనవలెనంటే పై నంబరుకు ఫోను చేయవచ్చును." కింద సంతకం, దాని మీద మండీ స్టాంపు. నా కూతురు అని రాయలేదు. ఎందుకు రాయలేదని అడిగితే, "రాస్తే మర్యాద తక్కువైతాది. నేను సంస్థ తరఫున రాస్తాండా" అన్నాడు.

మా గైడు దాన్ని చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ చదివాడు.

"కాకిపిల్ల కాకికి ముద్దంటారమ్మా. మీ నాయన ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఎవరు ఒప్పుకుంటారు?"

"మొత్తం బ్యాచ్‌లో నిజం రాసుండే సర్టిఫికెట్ ఇదొక్కటే సార్."

అది అనకూడని మాట. అయినా ఆయన పెన్ను తీసి సంతకం పెట్టాడు. "ఎక్స్‌టర్నల్ కాదంటే నన్ను అడగొద్దు. అందరి ముందర నవ్వుతాడు, ఓర్చుకో" అన్నాడు. సంతకం పెట్టినందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

వైవా రోజు ల్యాబు పెనంలా కాగుతోంది. కడప నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ నెరిసిన మీసాలాయన, చేతిలో వక్కపొడి డబ్బా. మాటల్లో తొందర లేదు. నా కంటే ముందు నా స్నేహితురాలిని కూర్చోబెట్టాడు. హాస్పిటల్ తెరుచుకుంది. ఆయన పెద్ద ప్రశ్నలేం వేయలేదు. తెర మీద ఒక బటన్ చూపించి, "దీని మీద ఉండే పేరు మార్చమ్మా" అన్నాడు. అది మౌసును అటూ ఇటూ తిప్పింది గానీ ఆ పేరు ఎక్కడ మార్చాలో దానికి దొరకలేదు. ఆయన విసుక్కోలేదు. "సరే, పో" అన్నాడు అంతే. పాస్ చేశాడు కూడా.

నా వంతు వచ్చింది. ఆయన అప్పటిదాకా చూసిన రికార్డుల్లో సర్టిఫికెట్ పేజీలన్నీ తెరిచి బల్ల మీద వరసగా పరిచి ఉన్నాడు. అన్నిటి మీదా అదే కంపెనీ, అదే సంతకం. వాటి పక్కన నాది తెరిచాడు. లక్ష్మీదేవి కనిపించింది. ఆయన పైకి చదివాడు. "చింతపండు, బెల్లం, ఎండుమిరప టోకు వర్తకులు." ల్యాబంతా గొల్లున నవ్వింది. నవ్వనివాళ్లు ఇద్దరే, మా గైడు, నేను.

"ఏందమ్మా ఇది?"

"మా మండీ సార్. ఆడనే చేసినా. కావాల్నంటే ఫోను చేయమని రాసుండాది."

నేను ఏదో ధైర్యానికి అన్నాను. ఆయన నిజంగానే జేబులోంచి సెల్లు తీసి, లెటర్‌హెడ్ చూసుకుంటూ నంబరు నొక్కి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాడు. మా నాయన ఫోను ఎత్తితే ఏమంటాడో నాకు తెలుసు. అదే అన్నాడు.

"చెప్పండి, ఎన్ని బస్తాలు కావాల?"

మళ్లీ నవ్వులు. ఎక్స్‌టర్నల్ తానెవరో, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నాడో చెప్పాడు. అవతల నాయన గొంతు మారింది.

"నమస్కారం సార్. చెప్పండి సార్."

"ఈ ప్రోగ్రాము ఈయమ్మే చేసిందని గ్యారంటీ ఏముండాది?"

"సార్, మా దగ్గర చింతపండు కొనేవాళ్లు గ్యారంటీ అడగరు. చేతిలోకి తీసుకొని పిసికి చూస్తారు. రవ్వంత నోట్లో ఏసుకుంటారు. మీరు గూడా అట్ల చూడండి. సరుకు మీ ముందరే ఉండాది గదా."

ల్యాబులో నవ్వు ఆగింది. ఎక్స్‌టర్నల్ ఫోను పెట్టేసి, నేను ప్రోగ్రాము వేసి పెట్టుకున్న ల్యాబు మిషన్ వైపు కుర్చీ జరుపుకున్నాడు. "చూపియ్యి" అన్నాడు.

చూపించాను. ఆత్మకూరు పేజీ తెరిచి, అక్కడి నుంచి లారీకి, లారీ నుంచి ఆలూరుకు. ఎడమ పక్క రాసి కుడి పక్క ఎలా మారుతుందో చూపించాను. సున్నా చుట్టడం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాను. ఆయన చివరిదాకా విని, కొంచెం వక్కపొడి నోట్లో వేసుకున్నాడు.

"ఇప్పుడు పిసికి చూస్తా" అన్నాడు. "ఒక సంగతి ముందర నిజం, ఇప్పుడు కాదు. తీసెయ్యకూడదు, కొట్టివేసినట్టు కనపడాల. నీ భాషలో ఎట్ల రాస్తావు?"

నా భాషలో దానికి గుర్తు లేదు. లేదని చెప్పాను.

"పెట్టు. నేను ఆ పక్క వాళ్లవి చూసొస్తా."

మా నాయన కాగితాల మీద కొట్టివేతలు కొల్లలు. నాకే తట్టలేదు. కోడు తెరిచాను. మాటకు అటూ ఇటూ రెండేసి అడ్డగీతలు పెడితే కొట్టివేసినట్టు చూపించమని రాసి నడిపించాను. కొట్టివేసిన మాట వరుస మొదట్లో వస్తే, అడ్డగీతను చూసి ప్రోగ్రాము దాన్ని జాబితా అనుకుంది. మాట కొట్టివేయలేదు సరికదా, ముందు ఒక చుక్క పెట్టి కూర్చోబెట్టింది. నంబర్ల మీటల పక్కన ఏటవాలు గీత కనిపించింది. అది తెలుగులోనూ దొరుకుతుంది, చూడ్డానికి కొట్టివేతలాగే ఉంటుంది. అడ్డగీతలు తీసేసి అవి పెట్టాను. నడిపించాను. పోయినేటి బెల్లం సంగతి మీద కుడి పక్కన చక్కగా గీత పడింది.

ఆయన వెనక నిలబడి ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

"ఇంటర్నెట్ అడ్రసులో గూడా ఆ రెండు గీతలు వస్తాయి గదమ్మా. అది గూడా కొట్టేస్తాదా?"

"కొట్టేస్తాది సార్. మా మండీలో ఇంటర్నెట్ లేదు."

ఆయన మొదటిసారి నవ్వాడు. అది నన్ను చూసి నవ్విన నవ్వు కాదు, నాకు తేడా తెలుసు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, "దీంట్లో ఏసియ్యి. నా పాఠాలు రాసుకుంటా" అన్నాడు. వేసి ఇచ్చాను. బయటికి వస్తుంటే నా స్నేహితురాలు నా చేయి పట్టుకుని, "ముసలమ్మను బాగనే కొట్టినావే" అంది.

మార్కులు బాగానే వచ్చాయి. అందరికంటే ఎక్కువ మాత్రం ఒక లైబ్రరీ మేనేజ్‌మెంట్‌కు వచ్చాయి. రికార్డు బైండింగు బాగుందట. నాకు కడుపు మండింది, దాచడం దేనికి? పైగా పెన్‌డ్రైవ్ మీద కూడా నాకు ఆశ లేదు. పెద్దవాళ్లు పిల్లల పని మెచ్చుకోవాలంటే ఒక కాపీ అడుగుతారు. తీసుకెళ్లి మరిచిపోతారు. నేను చేసింది వైవా దాకా నిలబడింది, సరే. కానీ మా నాయన, మా గుమాస్తా కాకుండా నన్నెరగని మనిషి ఎవరికైనా అది అక్కరకు వస్తుందా? ఆ ప్రశ్న లోపల ములుకులా ఉండిపోయింది.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం నేను మండీలోనే ఉన్నాను. ఉద్యోగంలో చేరమనే కబురు కోసం చూస్తున్న రోజులవి. ఫోను మోగింది. నాయన ఎత్తి విని, ముఖం ఎలాగో పెట్టుకుని నా వైపు చాచాడు.

"కడప సారు. నీ సరుకు బాగలేదంట."

తీసుకున్నాను. ఆయన గొంతులో వైవా నాటి నిదానం లేదు.

"ఏమ్మా, గంటసేపు కూర్చొని రాసుకున్నా, అంతా పాయె. పేజీ పేరు పెట్టి నొక్కినా, నీ ప్రోగ్రాము మూసుకోనే పాయె."

"పేరేం పెట్టినారు సార్?"

"పాయింటర్ అంటే ఏమిటి, ప్రశ్నార్థకం. నా పాఠాలన్నీ ప్రశ్నలే గదా."

తప్పు నాదే. పేజీ పేరునే ఫైలు పేరుగా పెట్టాను. ఫైలు పేరులో ప్రశ్నార్థకం ఉంటే మిషన్ ఒప్పుకోదు. మా మండీలో ఆ చిక్కు ఎప్పుడూ రాలేదు. మా నాయన ప్రశ్నలడిగే మనిషి కాదు, ఆయన పేజీలన్నీ జవాబులే.

ఆయన ఆగకుండా చెబుతూనే ఉన్నాడు. వెతికేటప్పుడు నెమ్మదిగా ఉంటోందట. పేజీలు ఎక్కువయ్యాక మొదటి పేజీ దొరకడం లేదట. పక్క సెక్షన్ మేడం కూడా వేసుకుందట, ఆమె మిషన్‌లో అక్షరాలు చిన్నగా కనిపిస్తున్నాయట. వాన మొదలైనప్పటి నుంచీ రోజూ దానిలోనే రాసుకుంటున్నాడట, ఇప్పుడు ఇలా చేస్తే ఎలా అని అడుగుతున్నాడు. నేను "సరే సార్, సరే సార్" అంటూ కాగితం మీద రాసుకుంటున్నాను. నా మొహం నా మాట వినడం లేదు.

ఫోను పెట్టాక నాయన అడిగాడు.

"తిట్టినాడా?"

"శానా తిట్టినాడు."

"మరి నవ్వుతాండావే?"

"రోజూ వాడుకుంటాండాడు నాయనా. పోగొట్టుకుంటే కోపం వచ్చేంత."

మా నాయనకు వ్యాపారం గురించి ఇంకేం చెప్పనక్కర్లేదు. లేచి వెళ్లి గుమాస్తాను బిల్లులు ఆపి మిషన్ ఖాళీ చేయమన్నాడు. పని వేళల్లో ఆ మిషన్ నాకిచ్చింది అదే మొదటిసారి. నేను ప్రశ్నార్థకాలకు దారి చేశాను, రాసింది పోకుండా దానంతటదే దాచుకునే ఏర్పాటు చేశాను, మేడం కోసం అక్షరాలు పెంచే బటన్ పెట్టాను. మరునాటికి సీడీ తయారైంది. మెయిల్లో పంపుదామని నెట్ సెంటర్‌కు బయలుదేరుతుంటే నాయన ఆపాడు. సరుకు బస్సులో పోతేనే చేరుతుందన్న భరోసా ఉంటుందని ఆయన నమ్మకం. బెల్లం శాంపిళ్లు కట్టే బ్రౌన్ కాగితంలో చుట్టి, దారం బిగించి, నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని బస్టాండుకు తీసుకుపోయాడు.

కడప బస్సు కండక్టరు మా నాయనకు తెలిసినవాడే. ఎప్పుడూ మా శాంపిళ్లు తీసుకుపోయేవాడు. ప్యాకెట్టు చేతిలో తూచి చూశాడు.

"ఏందిన్నా, ఇంత తేలిగ్గుండాది? చింతపండా, బెల్లమా?"

"రెండూ కాదప్పా" అన్నాడు మా నాయన. "మా పాప చేసిన ప్రోగ్రాము. కడపలో ఒక సారుకు అది లేకపోతే పని నడవదంట."